ఓపెనింగ్ కోసం వెతుకుతూ బంట్ల దగ్గర ఆగాను

చదరంగంలో పన్నెండు వందలు, పదమూడు వందల రేటింగ్ (ఆటగాడి బలానికి వేసే అంకె) మధ్య తిరిగే ఆటగాడికి ఏదో ఒక రోజు ఈ ప్రశ్న పట్టుకుంటుంది: ఇక ఏ ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస) నేర్చుకోవాలి? నేను అక్కడ ఉన్నప్పుడు రెండు రకాల జవాబులు దొరికాయి. "ఈ రేటింగ్‌లో ఓపెనింగుల గొడవ నీకెందుకు, పజిల్స్ చేసుకో" అనేది ఒకటి. ఫలానా గాంబిట్ (మొదట్లోనే బంటును బలిచ్చే ఓపెనింగ్) ఆడు, ఇరవై ఎత్తుల్లోపే గెలుస్తావు అనేది ఇంకొకటి. మొదటిదాంట్లో సగం నిజముంది. రెండోదాని గురించి మాట్లాడటం దండగ.

ఏ సగం నిజమో తేల్చుకుందామని నా పాత ర్యాపిడ్ ఆటలు బయటికి తీశాను. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలు పక్కన పెట్టేశాను, వాటిలో సగం ఆట గడియారమే ఆడుతుంది. ఇంజిన్ (ఎత్తులు లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టకుండా, ఓడిన ఒక్కో ఆటలో పట్టు ఎక్కడ జారిందో ఒక్కో వాక్యం రాసుకున్నాను. ఆ తర్వాతే ఇంజిన్‌తో సరిచూసుకున్నాను. ఓపెనింగ్‌లోనే మునిగిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. పన్నెండో ఎత్తు దాకా దాదాపు అన్నీ సమానంగానే నడిచాయి.

కాకపోతే ఆ వాక్యాలన్నీ వరసగా చదువుతుంటే ఒకే మనిషి ఒకే ఫిర్యాదును పదే పదే రాసినట్టుంది. "సెంటర్ తెరుచుకున్నాక పావులు ఎటు పెట్టాలో తెలియలేదు." "బంటు కొట్టాలా, తోయాలా, అలాగే ఉంచాలా తేల్చుకోలేక కొట్టేశాను." "అన్నీ మార్చేసుకుంటే, అంటే ఒకరి పావులు ఒకరు కొట్టేసుకుంటే, తేలిగ్గా ఉంటుందనుకున్నాను." రెండు బంట్లు ఐమూలగా ఎదురుపడి ఒకదాన్నొకటి కొట్టే వీలుంటే ఆటగాళ్ళు దాన్ని టెన్షన్ అంటారు. ఆ టెన్షన్ నాకు రెండెత్తులు కూడా ఆగేది కాదు. ఎలాగోలా దాన్ని వదిలించుకుంటేనే ఊపిరి ఆడేది.

అప్పట్లో తెల్లపావులతో లండన్ సిస్టమ్ ఆడేవాణ్ణి. డి4, బిషప్ ఎఫ్4, ఇ3, సి3, గుర్రాలు ఎఫ్3, డి2ల్లోకి, రెండో బిషప్ డి3కి. (అక్షరం బోర్డు మీది నిలువు వరస, అంటే ఫైల్; అంకె అడ్డ వరస. పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు.) అవతలివాడు ఏం ఆడినా నా మొదటి ఎనిమిది ఎత్తులు దాదాపు అవే. లండన్‌ను తక్కువ చేయడం లేదు. 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరో ఆటలో డింగ్ లిరెన్ నెపోమ్నియాషీ మీద దీంతోనే గెలిచాడు. కానీ డింగ్ చేతిలో అదొక ఆయుధం, నా చేతిలో అదొక గొడుగు. నాకు చేతకాని స్థానాలు రాకుండా అది నన్ను కాపాడుతోంది. రాని స్థానాలు నేర్చుకునేదెప్పుడు? పజిల్స్ ఎన్ని చేసినా, బోర్డు మీద పావులు ఢీకొనేదాకా ఆ లెక్క వేయాల్సిన అవసరమే పడటం లేదు కదా.

ఓపెనింగ్ మనల్ని గెలిపించకపోవచ్చు, ఓడించకపోవచ్చు. కానీ ఏ రకం ఆట మళ్ళీ మళ్ళీ ఆడతామో అదే నిర్ణయిస్తుంది. మొదటి సలహాలో లేని సగం ఇది.

నాకంటే చాలా బలంగా ఆడే ఒక పెద్దాయనతో అప్పుడప్పుడూ ఆడుతుండేవాణ్ణి. "సార్, ఇ4 ఆడమంటారా, డి4 లోనే ఉండమంటారా?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. అప్పుడే ముగిసిన మా ఆటను పదిహేనో ఎత్తు దగ్గర మళ్ళీ పేర్చి, గుర్రాలు, బిషప్‌లు, ఏనుగులు, మంత్రులు అన్నీ తీసి పక్కన పెట్టారు. రాజులు, బంట్లు మిగిలాయి.

"నీ గుర్రం ఒకటి ఇస్తాను. ఎక్కడ పెడతావు?"

"ఇ5లో, సార్."

"ఎందుకు?"

"అక్కడ దాన్ని బంటుతో తరమలేరు..."

"ఎఫ్6 తోస్తే?"

నిజమే, ఎఫ్-బంటు ఇంకా అక్కడే ఉంది. ఇలా ఒక్కో పావు ఇస్తూ, ఎక్కడ పెట్టాలో, ఎందుకో అడుగుతూ పోయారు. ఎక్కువసేపు నేను ఊహించి చెప్పినవే. చివర్లో, "నీకు ఓపెనింగ్ కాదు కావలసింది. ఏ బంట్ల మీద ఆట నేర్చుకుంటావో ముందు అది తేల్చుకో. దానికి దారితీసే ఓపెనింగులు తర్వాత వెతుక్కో" అన్నారు.

అప్పటి నుంచి వెతుకులాట తలకిందులైంది. పేర్లు పక్కన పెట్టి బంట్ల అమరికలు చూడటం మొదలుపెట్టాను. ఫ్రెంచ్ డిఫెన్స్ అడ్వాన్స్‌లో వచ్చే డి4-ఇ5 గొలుసు బాగుంది, కానీ అక్కడ సెంటర్ మూసుకుపోతుంది, నాకు కావలసింది దానికి వ్యతిరేకం. క్వీన్స్ గాంబిట్‌లో బంట్లు మార్చుకున్నాక వచ్చే అమరికలో తెల్ల బి-బంటును బి5 దాకా నడిపి నల్ల బంట్లను బలహీనపరచే ప్రణాళిక చూడముచ్చటగా ఉంది. అది నిదానంగా నడిచే ఆట, ఇంకో రెండేళ్ళ తర్వాతైనా నేర్చుకోవచ్చనిపించింది. సిసిలియన్ నైడార్ఫ్ వైపు కూడా చూశాను. ప్రపంచ ఛాంపియన్లు ఫిషర్, కాస్పరోవ్ ఆడిన ఓపెనింగ్ కాబట్టి ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ దానికి ఎదురుగా తెల్ల ఆడగల పద్ధతులే అరడజనుకు పైగా ఉన్నాయి, ఒక్కోదాంట్లో వచ్చే ఆట ఒక్కో రకం. ఒకే పాఠం పదే పదే దిద్దాలనుకునేవాడికి అది కుదరదు.

చివరికి ఆగింది ఒంటరి డి-బంటు దగ్గర. ఆటగాళ్ళు ఐక్యూపీ (ఐసోలేటెడ్ క్వీన్స్ పాన్) అనే అమరిక. తెల్లకు డి4లో బంటు ఉంటుంది, దానికి అటు సి-ఫైల్‌లో గానీ ఇటు ఇ-ఫైల్‌లో గానీ తోడు బంటు ఉండదు. అది బలమూ, బలహీనతా కూడా. సి5, ఇ5 గళ్ళు దాని అదుపులో ఉంటాయి కాబట్టి గుర్రం ఇ5లో కూర్చోగలదు. సి, ఇ ఫైళ్ళలో ఏనుగులకు దారి దొరుకుతుంది. బిషప్‌లు రెండూ స్వేచ్ఛగా తిరుగుతాయి. కానీ పావులన్నీ మార్చుకుని ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలే ఆఖరి దశ) లోకి వెళ్తే ఆ బంటును కాపలా కాయడమే బతుకైపోతుంది. దాని ముందున్న డి5లో నల్ల గుర్రం వచ్చి కూర్చుంటే ఇక కదలదు.

అంటే ఈ స్థానంలో ఊరికే పావులు మార్చుకోకూడదు. ఎదురుచూస్తూ కూర్చోకూడదు. సమయం చూసి డి5 తోయాలి, లేదా రాజు మీదికి వెళ్ళాలి. నేను రాసుకున్న ఫిర్యాదులన్నిటికీ సరిగ్గా ఎదురుగా ఉన్న ఆట ఇది. మన స్వభావానికి సరిపోయే ఓపెనింగ్ ఎంచుకోమని చాలామంది చెబుతారు. పదమూడు వందల దగ్గర స్వభావం అని మనం అనుకునేది చాలాసార్లు చేతకానితనానికి ఇంకో పేరు. నేనైతే చేతకానిదాన్నే ఎంచుకున్నాను.

ఇక దారులు వెతకాలి. తెల్లపావులతో ఇ4 కి మారాను. ఇ5 కి జవాబుగా ఇటాలియన్: గుర్రం ఎఫ్3, గుర్రం సి6, బిషప్ సి4, బిషప్ సి5. తర్వాత సి3, గుర్రం ఎఫ్6, ఐదో ఎత్తులో డి4. నల్ల కొడుతుంది, మనం సి-బంటుతో తిరిగి కొడతాం, బిషప్ బి4లో చెక్ చెబుతుంది. అక్కడ నేను బిషప్ డి2 ఆడతాను. బిషప్‌లు మారాక నల్లకు ఉన్న మంచి జవాబు డి5. ఇ-బంటుతో దాన్ని కొడితే గుర్రం తిరిగి కొడుతుంది, డి4లో ఒంటరి బంటు తయారు. మంత్రి బి3, క్యాజ్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపి రాజును మూలకు చేర్చడం), ఏనుగు ఇ1. ఇదంతా పన్నెండో ఎత్తులోపే. ఒక్కో ఎత్తు ఎందుకు ఆడుతున్నానో పుస్తకం చూడకుండా చెప్పగలను, కంఠస్థం చేయాల్సింది చాలా తక్కువ.

కారో-కాన్ మీద పనోవ్ ఎటాక్: ఇ4 సి6, డి4 డి5, బంట్లు మార్చుకుని నాలుగో ఎత్తులో సి4. సిసిలియన్ మీద ఆలపిన్, అంటే రెండో ఎత్తులో సి3. నల్ల డి5 ఆడి మంత్రిని మధ్యలోకి తెస్తే చాలాసార్లు మళ్ళీ అదే బంటు వస్తుంది. గుర్రం ఎఫ్6 ఆడితే మాత్రం బంటు ఇ5కి పోతుంది, ఆట వేరే దారి పడుతుంది. ఫ్రెంచ్ మీద ఎక్స్‌ఛేంజ్, కానీ చప్పగా కాదు, నాలుగో ఎత్తులోనే సి4. నల్ల ఆ సి4 బంటును కొడితే మన డి-బంటు ఒంటరిదవుతుంది.

ఇక్కడ ఒక తిరకాసుంది. ఓపెనింగ్ వీడియోల్లో దీన్ని ఎవరూ నొక్కి చెప్పలేదు. పనోవ్‌లో, ఆలపిన్‌లో వచ్చే ఒంటరి బంటు వేరు, ఇటాలియన్‌లో, ఫ్రెంచ్‌లో వచ్చేది వేరు. పనోవ్‌లో నల్లకు ఇ6లో బంటు ఉంటుంది, సి-బంటు ఉండదు. నల్ల రాజుకు ఆ ఇ6 బంటు గోడ. మనం డి5 తోస్తే బద్దలయ్యేది ఆ గోడే. ఇటాలియన్‌లో నల్లకు ఇ-బంటు లేదు, సి-బంటు ఉంది. ఇ-ఫైల్ మొత్తం తెరిచి ఉంటుంది, నల్ల సి6 ఆడి డి5ను గట్టి చేసుకుంటుంది. పైపైన చూస్తే ఒకటే అమరిక, ఆడేటప్పుడు ప్రణాళికలు తేడా. పనోవ్‌లో పనిచేసిన ఎత్తుగడను ఇటాలియన్‌లో యథాతథంగా దించితే డి5లో నల్లకు ఎప్పుడూ ఒక కాపలా ఎక్కువుండేది. ఈ తేడా వంటబట్టడానికి నాకు చాలా ఆటలు పట్టింది. అందుకే నోట్సును ఓపెనింగ్ పేర్లతో కాకుండా "నల్లకు ఇ6 ఉంది", "నల్లకు సి6 ఉంది" అని రెండు భాగాలు చేసుకున్నాను.

నల్లపావులతో ముందు కారో-కాన్ ఆడేవాణ్ణి. కాపాబ్లాంకా, కార్పోవ్ ఆడిన ఓపెనింగ్, వంక పెట్టడానికేం లేదు. అయినా ఇ4 కి ఇ5 ఆడటం మొదలుపెట్టాను. కారణం ఒక్కటే: నేను తెల్లతో ఆడే ఇటాలియన్‌నే అవతలి కుర్చీలో కూర్చుని చూడొచ్చు. ఒంటరి బంటు అవతలివాడికి ఉన్నప్పుడు నాకేది నచ్చడం లేదో, నాకు ఉన్నప్పుడు అవతలివాడికి అదే చేయాలి.

డి4 కి టారాష్ డిఫెన్స్ పట్టుకున్నాను: డి5, ఇ6, మూడో ఎత్తులో సి5. ఇక్కడ ఒంటరి బంటు నాదే, డి5లో. దీని ప్రధాన వరుసలో తెల్ల జి3 ఆడి బిషప్‌ను జి2లో పెడుతుంది. అక్కడి నుంచి అది డి5 వైపే గురిపెడుతుంది, సి3లోని గుర్రం కూడా అటే. సుఖమైన ఆట కాదు. అయినా 1969 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్పాస్కీ పెట్రోసియాన్‌ లాంటి వాడి మీద దీన్ని ఆడి నిలబడ్డాడు. నా స్థాయిలో జి3 ఆడేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది ఇ3 ఆడి, బిషప్ డి3లో పెట్టి, సాఫీగా క్యాజ్లింగ్ చేసుకుంటారు. అప్పుడు డి5 మీద అంత ఒత్తిడి ఉండదు. లండన్ ఆడేవాళ్ళు ఎదురైతే నాకు పండగే. సి5, మంత్రి బి6 వచ్చినప్పుడు బి2 బంటు గురించి తెల్లకు ఎంత చిరాకుగా ఉంటుందో నాకు స్వయంగా తెలుసు.

మాస్టర్లు ఏం ఆడతారో, నా ఎదుట కూర్చునేవాళ్ళు ఏం ఆడతారో రెండూ ఒకటి కావని తెలిసింది లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లోని ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ వల్ల. అది ఉచితం. మాస్టర్ల ఆటల భండారం వేరుగా ఉంటుంది, మామూలు ఆటగాళ్ళది వేరుగా ఉంటుంది. రెండోదాన్ని రేటింగ్ వారీగా వడకట్టి చూడొచ్చు. అలా చూస్తే నేను నెల రోజులు చదువుదామనుకున్న వరుసలు నా స్థాయిలో అరుదు. ఇ4 ఇ5, గుర్రం ఎఫ్3 తర్వాత డి6 ఆడే ఫిలిడోర్ వాళ్ళు మాత్రం బోలెడు. ఇటాలియన్‌లో ఆరో ఎత్తు దగ్గర బిషప్‌తో చెక్ చెప్పకుండా బి6కి వెనక్కి తగ్గేవాళ్ళూ అంతే. తగ్గితే డి4, ఇ4 బంట్లు రెండూ మనకు నిక్షేపంగా మిగులుతాయి. డి5 తోస్తే సి6 గుర్రం ఎటు పోవాలో తెలియక తడబడుతుంది. కాబట్టి నోట్సులో మొదటి పేజీ వీటికే ఇచ్చాను.

ఫిలిడోర్‌కు నేను చదివిందల్లా ఒక్క ఆట, 1858లో పారిస్ ఒపెరాలో అమెరికన్ ఆటగాడు మార్ఫీ ఆడినది. పదిహేడు ఎత్తుల ఆట. చివర మంత్రిని బలిచ్చి డి8లో ఏనుగుతో మేట్ చేసే ఘట్టం అందరికీ తెలుసు. నాకు పనికొచ్చింది ఎనిమిదో ఎత్తు. అక్కడ మార్ఫీ బి7 బంటును కొట్టొచ్చు. కొడితే నల్ల బి4లో చెక్ చెప్పి మంత్రులను మార్చేస్తుంది, తెల్లకు ఒక బంటు మిగులుతుంది. నేనైతే కళ్ళు మూసుకుని కొట్టేవాణ్ణి. ఆయన సి3కి గుర్రాన్ని తీశాడు.

ఇటాలియన్ వైపు నాకు పెద్ద బాలశిక్షలా పనికొచ్చింది 1895 హేస్టింగ్స్ టోర్నమెంట్‌లో స్టైనిట్జ్, వాన్ బార్డెలెబెన్‌ల ఆట. స్టైనిట్జ్ ఏడో ఎత్తులో బిషప్ డి2 బదులు గుర్రం సి3 ఆడాడు, అయినా ఒంటరి బంటు వచ్చింది. నల్ల రాజు మధ్యలోనే ఇరుక్కుంది. పదిహేడో ఎత్తులో స్టైనిట్జ్ డి5 తోసి ఆ బంటును ఇచ్చేశాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కాలేదు. సి6 బంటు దాన్ని కొట్టగానే డి4 గడి ఖాళీ. ఎఫ్3 గుర్రం డి4కి, అక్కడి నుంచి ఇ6కి. డి5 తోసిన ఐదెత్తులకే ఇ7లోకి దూకిన ఏనుగును నల్ల రాజు కొట్టినా కష్టమే, మంత్రి కొట్టినా కష్టమే. ఒంటరి బంటును కాపాడటం కోసమే ఆడకూడదని నేను వినడం వేరు, ఈ ఆటను బోర్డు మీద పేర్చి పదిహేడో ఎత్తు దగ్గర ఆగి కూర్చోవడం వేరు.

ఇంకో రెండు ఆటలు జంటగా పెట్టుకున్నాను. 1936 నాటింగ్‌హామ్‌లో బోత్విన్నిక్ విద్మార్ మీద: గుర్రం ఇ5లో, ఎఫ్-బంటు దూకుడు, చివరికి ఎఫ్7లో బలి. 1981 మెరానో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కోర్చ్‌నాయ్, కార్పోవ్‌ల తొమ్మిదో ఆట దానికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ ఒంటరి బంటు కోర్చ్‌నాయ్‌ది. కార్పోవ్ నల్లపావులతో గుర్రాలనూ బిషప్‌లనూ ఒక్కొక్కటిగా మార్పించి, డి-ఫైల్‌లో ఏనుగులు నిలబెట్టి, తొందర లేకుండా నలిపేశాడు. మొదటి ఆట చూస్తే ఆ బంటు లేకుండా ఆడకూడదనిపిస్తుంది, రెండోది చూస్తే దాన్ని ముట్టుకోకూడదనిపిస్తుంది. రెండూ పక్కపక్కనే పెట్టి చూడటం మంచిదైంది.

సాధనకు నా స్థాయి స్నేహితుడొకడు దొరికాడు. ఇద్దరం నేరుగా పన్నెండో ఎత్తు స్థానం పేర్చుకుని అక్కడి నుంచి చెరో పదిహేను నిమిషాల ఆట ఆడేవాళ్ళం. అయ్యాక రంగులు మార్చుకునేవాళ్ళం. మొదట్లో ఒంటరి బంటు ఎవరికుంటే వాళ్ళే ఓడేవాళ్ళు. ఎందుకంటే ఇద్దరికీ దాన్ని కాపలా కాయడం తప్ప ఇంకేం తెలియదు. ఒకసారి ఇ6 ఉన్న రకంలో వాడు నా మీద డి5 తోశాడు.

"ఏంట్రా, బంటు ఊరికే ఇచ్చేశావ్?"

"కొట్టు, చెప్తాను."

కొట్టాను. బిషప్ జి5కి వచ్చింది. సి2 బిషప్, డి3 మంత్రి రెండూ హెచ్7 మీద గురి. దాన్ని కాసే ఎఫ్6 గుర్రం మీద ఇప్పుడు కొత్త బిషప్ పడింది. జి6 తోసుకుందామంటే ఇ7 మీద ఏనుగు బలి ఉంది. వాడు ఇదంతా లెక్కపెట్టాడా అంటే లేదు, పాత ఆటలో చూశాడట. కానీ ఆ తర్వాత ఇద్దరం డి5 తోసే ముందు ఒకటే పని చేసేవాళ్ళం: డి5 మీద ఎవరి పావులు ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టడం, బంటు పోతే ఏ ఫైల్, ఏ డయాగొనల్ (ఐమూల గళ్ళ వరస) తెరుచుకుంటుందో చూడటం, అక్కడ నల్ల పావు ఏదైనా కాపలా లేకుండా ఉందా అని వెతకడం. లెక్క సరిపోకపోతే ఏనుగును ఇ3కి, అక్కడి నుంచి జి3కో హెచ్3కో తిప్పే మార్గం ఉందేమో చూసేవాళ్ళం.

కంఠస్థం బొత్తిగా లేకుండా కుదరలేదు. పనోవ్‌లో నల్ల గుర్రం సి6, బిషప్ జి4 ఆడితే మంత్రి బి3, ఎఫ్3లో గుర్రం మారడం, బి7 కొట్టడం, బి5లో చెక్, సి6లో మంత్రితో చెక్... ఇలా తిన్నగా ఒక ఎండ్‌గేమ్‌లోకి వెళ్ళే వరుసుంది. మధ్యలో ఒక్క ఎత్తు మర్చిపోయినా ఇబ్బందే, అందుకని అది బట్టీ పట్టాను. నా స్థాయిలో అక్కడిదాకా వచ్చినవాళ్ళు దాదాపు లేరనే చెప్పాలి. ఇటాలియన్‌లో ఇంకో మలుపును మాత్రం బోర్డు మీదే కనుక్కున్నాను. నేను బిషప్ డి2 ఆడాక అవతలతను ఇ4 బంటును గుర్రంతో కొట్టేశాడు. చూస్తే బంటు పోయినట్టే. చాలాసేపు ఆలోచిస్తే దొరికింది: ముందు బి4లో బిషప్‌లు మార్చుకోవాలి, తర్వాత సి4 బిషప్‌తో ఎఫ్7 బంటును కొట్టి చెక్ చెప్పాలి. రాజు కొడితే మంత్రి బి3లో మళ్ళీ చెక్, ఆ మంత్రే బి4 గుర్రాన్ని కూడా పట్టుకుంటుంది. లెక్క సమానం. టెన్షన్ తట్టుకోలేని పాత నేనైతే బి4 బిషప్‌లు మారాక అక్కడే ఆగిపోయేవాణ్ణి.

ఆట అయ్యాక చేసే పనికి ఒక క్రమం పెట్టుకున్నాను, దాన్ని ఇప్పటికీ మార్చలేదు. ముందు నాకు తెలిసిన ఎత్తులు ఎక్కడ అయిపోయాయో గుర్తు పెట్టడం. అక్కడ నేను ఏమనుకుని ఏం ఆడానో రాయడం. తర్వాత ఎక్స్‌ప్లోరర్‌లో ఆ స్థానంలో బలమైనవాళ్ళు ఏం ఆడారో చూడటం, ఆఖర్న ఇంజిన్. నోట్సులో ఆ ఆటకు ఒక్క కొత్త వరుసే చేర్చాలి, ఎంత ఆశ పుట్టినా రెండోది చేర్చకూడదు. వందల వరుసలున్న కోర్సులు కొన్న స్నేహితులున్నారు నాకు. వాళ్ళు గుర్తుంచుకున్నంత నేను గుర్తుంచుకోలేదు, కానీ నా నోట్సులో ఉన్న ప్రతి వరుసా ఎప్పుడో ఒకప్పుడు నా బోర్డు మీదికి వచ్చినదే.

రేటింగ్ సంగతి అడుగుతారు కాబట్టి: మొదట పడింది, బాగానే పడింది. లండన్‌తో సాఫీగా సమానం చేసుకునే స్థానాల బదులు కొట్లాటలోకి దిగితే పడక ఏమవుతుంది. కొన్ని నెలల తర్వాత పాత అంకె తిరిగొచ్చింది, తర్వాత పదిహేను వందలు దాటింది. అందులో ఓపెనింగ్ వాటా ఎంత, ఊరికే ఎక్కువ ఆడటం వాటా ఎంత అనేది విడదీసి చెప్పలేను. విడదీసి చెప్పగలిగేది ఒకటుంది. ఇప్పుడు ఓడిన ఆటలకు నేను రాసుకునే వాక్యాలు మారాయి. "బంటు కొట్టాలా వద్దా" అనేది దాదాపు కనబడదు. "డి5 ఒక ఎత్తు ముందే తోశాను", "వాడు గుర్రాలు మార్చుకోవాలని చూస్తున్నాడని తెలిసీ ఆపలేదు" లాంటివి వస్తున్నాయి. ఎండ్‌గేమ్ గురించిన ఫిర్యాదులు మాత్రం పెరిగాయి. ఒంటరి బంటుతో ఎండ్‌గేమ్‌లోకి ఈడ్చుకెళ్ళినవాళ్ళు నాకు ఏనుగుల ఎండ్‌గేమ్ రాదని కూడా చూపించారు.

ఆ పెద్దాయన దగ్గరికి ఈమధ్య మళ్ళీ వెళ్ళాను. ఇటాలియన్‌లో డి4 ఐదో ఎత్తులోనే తోసే వరుసను బలమైన ఆటగాళ్ళు ఎక్కువగా ఆడరని, డి5 సరిగ్గా ఆడితే నల్ల హాయిగా సమానం చేసుకుంటుందని ఆయన ముందే చెప్పారు. "ఇప్పుడు డి3 ఆడి చూడు" అన్నారు. ఓపెనింగ్ అదే, ఆ ఒక్క బంటు ఒక గడి వెనక ఆగుతుంది. క్యాజ్లింగ్, ఏనుగు ఇ1, బి1 గుర్రం డి2 మీదుగా ఎఫ్1, అక్కడి నుంచి జి3. డి4 ఎప్పుడు తోయాలన్నది పది పదిహేను ఎత్తుల దాకా తేలదు, టెన్షన్ రాకముందే దాని కోసం సిద్ధమవుతూ ఉండాలి. నిజం చెప్పాలంటే రెండేళ్ళ క్రితం ఇదే ఎత్తు ఎవరైనా చూపించి ఉంటే ఏమీ జరగని ఆట అనుకుని దాటేసేవాణ్ణి. ఇప్పుడు ఇటాలియన్‌లో సగం ఆటలు డి3తో ఆడుతున్నాను, టారాష్‌ను కూడా కొంతకాలం పక్కన పెట్టి మామూలు క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ చూద్దామనుకుంటున్నాను. సిసిలియన్ మీద ఆలపిన్ మాత్రం ఇప్పట్లో వదిలే ఉద్దేశం లేదు.